కొత్త చిన్న అనలాగ్ బేస్ సింత్: చేతికొచ్చినవాళ్లు ఇక్కడ రాయండి

నిర్వాహకుడు:
ముందే ఒక మాట. కంపెనీ పేరు రాసిన పోస్టులు తీసేస్తాను. పోయినసారి కొత్త కీబోర్డు వచ్చినప్పుడు నాలుగు పేజీలు అభిమానుల తగువులే, వాద్యం గురించి ఒక్క ముక్క లేదు. ఏ డబ్బా (కంప్యూటర్ లెక్కలతో కాకుండా సర్క్యూట్లతోనే కింది స్వరాలు పుట్టించే వాద్యం) గురించో అందరికీ తెలుసు కదా. పాత వాద్యాల పేర్లు, చరిత్ర మీ ఇష్టం.

మంద్రస్థాయి:
నిన్న సాయంత్రం చేతికొచ్చింది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చున్నవాణ్ని, లేచేసరికి రాత్రి రెండయింది. రెండు అరచేతులు పక్కపక్కన పెడితే కింద దాక్కునేంత సైజు. శబ్దం పుట్టించే ఓసిలేటర్లు రెండు, పై ఫ్రీక్వెన్సీలను కోసే లాడర్ ఫిల్టర్, స్వరం మొదలైనప్పటి నుంచి ఆగేదాకా మార్పు నడిపే ఎన్వలప్ ఫిల్టర్‌కి ఒకటి, వాల్యూమ్‌కి ఒకటి, సౌండుని ఒకే కొలతలో ఊపే ఎల్ఎఫ్ఓ, స్వరాలను వరుసగా తనే వాయించే పదహారు స్టెప్పుల సీక్వెన్సర్. కీస్ బదులు పదమూడు రబ్బరు బటన్లు. ప్రీసెట్లు (ముందే దాచిన సౌండ్లు) లేవు, మెనూ లేదు, ఏ పనికి ఆ నాబ్. ఫిల్టర్ ఎక్కడ కోయాలో చెప్పే కటాఫ్ నాబ్ మాత్రం మిగతావాటికన్నా పెద్దది, తిప్పుతుంటే కాస్త బరువుగా కదులుతుంది. ఆ ఒక్క నాబ్ కోసమే కొన్నానేమో అనిపించింది.

సా వేవ్ (రంపపు పళ్ల ఆకారపు అల) పెట్టి, కటాఫ్ సగానికి దించి, కింది ఇ (E) స్వరం నొక్కాను. అంతే, ఇక వదల్లేదు. ఇంకో సంగతి, వరుసగా మూడు స్టెప్పులకు యాక్సెంట్ (ఆ స్వరాన్ని గట్టిగా పలికించేది) పెడితే మూడోది మొదటిదానికన్నా ఎక్కువగా అరుస్తోంది. టీబీ-303 అనే పాత బేస్ సింత్‌లో కెపాసిటర్ పూర్తిగా ఖాళీ అయ్యేలోపు ఇంకో యాక్సెంట్ వచ్చిపడటం వల్ల ఇలాగే పేరుకునేదట. ఆ గుణం కావాలనే ఉంచినట్టున్నారు.

నచ్చనిది ఒకటే. లైన్ అవుట్ విడిగా లేదు. హెడ్‌ఫోన్స్‌కీ మిక్సర్‌కీ అదే ఒక్క చిన్న స్టీరియో జాక్.

నాలుగుతీగలు:
బేస్ గిటారు వాయించేవాణ్ని కాబట్టి నా మాటలో పక్షపాతం ఉంటే సర్దుకోండి. బేసిస్టుని ఇంటికి పంపే డబ్బా మళ్లీ వచ్చిందన్నమాట. 1980ల మొదట్లో టీబీ-303ని కూడా ఇలాగే అమ్మారు, ఒంటరిగా సాధన చేసుకునే గిటారిస్టుకి తోడు అని. అది బేస్ గిటారులా మోగిందీ లేదు, దాంట్లో పాట ఎక్కించడం ఎవరికీ అర్థమైందీ లేదు. 1984కల్లా తయారీ ఆపేశారు.

శ్రుతిపెట్టె:
సగం కథ చెప్పి ఆపేశారేం అన్నయ్యా? ఆ తయారీ ఆగిపోయినవే సెకండ్ హ్యాండ్‌లో చౌకగా దొరికితే షికాగో కుర్రాళ్లు కొనుక్కుని, సీక్వెన్స్ నడుస్తుండగానే కటాఫ్, రెజొనెన్స్ (కటాఫ్ దగ్గరి శబ్దాన్ని పెంచేది) నాబులు తిప్పారు. యాసిడ్ హౌస్ అనే సంగీతం అక్కడ పుట్టింది. బేస్ గిటారులా మోగకపోవడమే దాని అదృష్టం. అంతకన్నా ముందే, 1982లో, బొంబాయి సినిమా వాద్యకారుడు చరణ్‌జీత్ సింగ్ అదే 303 వాడి రాగాలు రికార్డు చేశారు. ఇరవై ఏళ్ల తర్వాత గానీ దాన్ని ఎవరూ పట్టించుకోలేదు, అది వేరే సంగతి.

నాలుగుతీగలు:
సరే తల్లీ, ఒప్పుకున్నా. అయినా నా ఉద్యోగం మీద నాకు బెంగ ఉండకూడదా?

రాత్రిబీట్స్:
నాకూ వచ్చింది. కోపంగా రాస్తున్నాను, ఏమీ అనుకోకండి. దీన్ని బేస్ సింత్ అని ఎలా అంటారు? ఆడియో ఇంటర్‌ఫేస్‌కి (శబ్దాన్ని కంప్యూటర్‌లోకి పంపే పెట్టెకి) పెడితే దోమ పాడుతున్నట్టుంది. కింద ఏమీ లేదు, పైన సన్నగా కీచుమంటోంది. గెయిన్ చివరిదాకా తిప్పితే దోమ పెద్దదైంది, అంతే. నా దగ్గరున్న ఉచిత ప్లగిన్ (కంప్యూటర్‌లో నడిచే సింత్) దీన్ని మింగేస్తుంది. అనలాగ్ అన్న ఒక్క మాటకి ఇంత ధర పెట్టి జనాన్ని మోసం చేయడం తప్ప ఇందులో ఏమీ లేదు.

మంద్రస్థాయి:
అదేంటి? నా దాంట్లో చెవులు అదిరిపోతున్నాయి.

రాత్రిబీట్స్:
మీరు డబ్బు పెట్టి కొన్నారు కదా, అలాగే వినిపిస్తుంది మరి.

మంద్రస్థాయి:
నువ్వూ డబ్బు పెట్టే కొన్నావు కదయ్యా!

నాలుగుతీగలు:
తమ్ముడూ, ల్యాప్‌టాప్ స్పీకర్లలో వింటున్నావా? అడగడం తప్పు కాదు కదా. కింది ఇ అంటే 41 హెర్ట్జ్. చిన్న స్పీకరు 150 కింద దాదాపు చేతులెత్తేస్తుంది. అయినా మనకి స్వరం తెలుస్తుంది, ఎందుకంటే 82, 124, 165 దగ్గర దాని హార్మోనిక్స్ (దాని రెట్లలో వచ్చే ఫ్రీక్వెన్సీలు) ఉంటాయి. చెవి వాటి మధ్య ఎడం చూసుకుని, లేని 41ని తనే కల్పించుకుంటుంది. ఫోనులో పాట వింటూ కూడా బేస్ లైన్ కూనిరాగం తీయగలిగేది అందుకే. కానీ ఛాతీకి తగిలే ఆ గుద్దు మాత్రం కల్పనతో రాదు.

రాత్రిబీట్స్:
ఎనిమిది అంగుళాల మానిటర్లు అన్నా. ప్లగిన్ వాటిలోనే గది ఊపేస్తోంది. సమస్య డబ్బాలోనే. రేపు వెనక్కి పంపేస్తున్నా.

తీగలపెట్టె:
పంపే ముందు రెండు ప్రశ్నలు. హెడ్‌ఫోన్స్ నేరుగా డబ్బాకి పెట్టి విన్నావా? ఇంటర్‌ఫేస్‌కి వేసిన కేబుల్ ప్లగ్గుల మీద నల్ల గీతలు ఎన్ని?

రాత్రిబీట్స్:
హెడ్‌ఫోన్స్‌లో బాగానే ఉంది, అదే వింత. గీతలు రెండు చివర్లా రెండేసి. ఒకవైపు చిన్న ప్లగ్, ఇంకోవైపు పెద్దది. కొత్త కేబులే సార్, మంచి రకం.

తీగలపెట్టె:
కేబుల్ మంచిదే. అది ఉండాల్సిన చోట లేదు.

గీతలు రెండు అంటే మూడు భాగాలు: కొన, నడిమి రింగ్, గ్రౌండ్. డబ్బా జాక్ హెడ్‌ఫోన్ జాక్. అది కొన మీద ఎడమ ఛానల్, రింగ్ మీద కుడి ఛానల్ పంపుతుంది. డబ్బా మోనో కాబట్టి రెండింటి మీదా అచ్చంగా ఒకే సౌండు. ఇప్పుడు నీ ఇంటర్‌ఫేస్ వైపు చూడు. అక్కడున్నది బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్. దానికి స్టీరియో అంటే తెలియదు. కొనకీ రింగ్‌కీ మధ్య ఉన్న తేడాని మాత్రమే తీసుకుంటుంది. రెండింటి మీదా ఒకేలా వచ్చిందాన్ని దారిలో అంటుకున్న హమ్ (కరెంటు రొద) అనుకుని కొట్టేస్తుంది. పొడుగు కేబుళ్లలో రొద రాకుండా ఉండేది ఆ పద్ధతి వల్లే.

నీ బేస్ మొత్తాన్నీ హమ్ అనుకుని తీసేసింది. రెండు ఛానళ్లూ అణువంత తేడా కూడా లేకుండా ఉండవు కాబట్టి కొంచెం మిగులుతుంది. నువ్వు విన్న దోమ అదే.

చేయాల్సింది: చిన్న స్టీరియో ప్లగ్ నుంచి రెండు మోనో ప్లగ్గులుగా చీలే వై కేబుల్ తీసుకో. ఒక్క కాలే ఇంటర్‌ఫేస్‌లో పెట్టు, రెండోది దేనికీ తగలకుండా వదిలేయ్. మోనో ప్లగ్‌ని నేరుగా డబ్బాలో మాత్రం గుచ్చకు. కుడి ఛానల్ గ్రౌండ్‌కి షార్ట్ అవుతుంది.

రాత్రిబీట్స్:
పాత పెట్టెలో వై కేబుల్ దొరికింది.

అమ్మో.

కింది ఇ నొక్కితే టేబుల్ మీద పెన్ను దొర్లుకుంటూ వెళ్లి కింద పడింది. గెయిన్ ఇందాకటిలాగే చివర్లో ఉంచేశాను, మర్చిపోయి. చెవులు ఇంకా గింగిరుమంటున్నాయి. మంద్రస్థాయి గారూ, క్షమించండి. పైన రాసిన మోసం మాట తీసేయమంటారా?

నిర్వాహకుడు:
ఉండనీ. రేపు ఇంకొకరు అదే కేబుల్ గుచ్చుతారు, వెతుక్కుంటూ వస్తే దొరుకుతుంది.

మంద్రస్థాయి:
పర్లేదు బాబూ. ఇప్పుడు నాదో అనుమానం. రెజొనెన్స్ పెంచుతున్నకొద్దీ ఆ ఉయ్ ఉయ్ శబ్దం బాగా వస్తోంది గానీ కింద ఖాళీ అయిపోతోంది. ఇది కూడా కేబులేనా?

తీగలపెట్టె:
కాదు, ఇది ఫిల్టర్ స్వభావం. లాడర్ ఫిల్టర్‌లో రెజొనెన్స్ అంటే చివర వచ్చిన సిగ్నల్‌ని తలకిందులు చేసి మళ్లీ మొదటికి కలపడం. కటాఫ్ దగ్గర నాలుగు మెట్లూ కలిసి సిగ్నల్‌ని సగం చక్రం వెనక్కి నెడతాయి కాబట్టి తలకిందులైంది మళ్లీ నిటారుగా నిలబడి, అక్కడ శబ్దాన్ని పెంచుతుంది. కింది ఫ్రీక్వెన్సీల్లో ఆ జరుగుడు ఉండదు. తలకిందులైంది తలకిందులుగానే వచ్చి అసలు సిగ్నల్‌ని తినేస్తుంది. అలా మళ్లీ కలిపేది (ఫీడ్‌బ్యాక్) నాలుగు రెట్లకు చేరినప్పుడు ఫిల్టర్ తనే కూయడం మొదలుపెడుతుంది. ఆ పాటికి కింద మిగిలేది ఐదో వంతు, అంటే 14 డెసిబెల్స్ తరుగు. 1970 నాటి మినీమూగ్ సింత్‌లోనూ ఇదే కథ. కొన్ని వాద్యాల్లో ఆ తరుగు పూడ్చే సర్క్యూట్ పెడతారు. ఇందులో పెట్టినట్టు లేదు.

శ్రుతిపెట్టె:
నేనైతే దీనికింద ఉత్త సైన్ వేవ్ (హార్మోనిక్స్ లేని అల) ఒకటి సాఫ్ట్‌వేర్‌లో నడిపిస్తాను, అవే స్వరాలు. డబ్బా సౌండులో వంద హెర్ట్జ్ కింద ఉన్నది కోసేస్తాను. ఉయ్ ఉయ్ అంతా డబ్బాది, బరువు సైన్‌ది. రెజొనెన్స్ ఎంత తిప్పినా అడుగు కదలదు.

నాలుగుతీగలు:
అంటే అనలాగ్ బేస్ సింత్ కొని బేస్ మాత్రం కంప్యూటర్‌తో వాయిస్తారన్నమాట. బాగుంది.

శ్రుతిపెట్టె:
మీరు యాంప్‌లో మిడ్ పెంచుకుని, పాటకి బరువు కావాలని కిక్ డ్రమ్ వాడి మీద అరవరా? అలాంటిదే ఇదీ.

కొత్తగా_చేరాను:
నమస్తే అండీ. నాకు ఇంతవరకూ సింత్ లేదు. మొదటిది ఇదే తీసుకోవచ్చా? ప్రీసెట్లు లేవంటే భయంగా ఉంది. అనలాగ్ అయితే శ్రుతి తప్పుతుందని కూడా ఎక్కడో చదివాను.

శ్రుతిపెట్టె:
ప్రీసెట్లు లేకపోవడమే నీకు మంచిది. ఏ నాబ్ ఏం చేస్తుందో వారంలో చేతికి తెలిసిపోతుంది. సౌండు నచ్చితే ఫోనుతో ఒక ఫొటో తీసి పెట్టుకో, అదే నీ ప్రీసెట్. కాకపోతే ఒకసారికి ఒకే స్వరం పలుకుతుంది, కార్డ్స్ రావు. అది తెలిసే కొనుక్కో.

తీగలపెట్టె:
శ్రుతి సంగతి. వోల్టేజ్‌తో నడిచే ఓసిలేటర్‌లో మామూలు లెక్క వోల్టుకి ఒక స్థాయి (ఆక్టేవ్). అంటే అర స్వరం 83 మిల్లీవోల్టులు, అందులో నూరో వంతు తప్పినా శ్రుతి ఒక సెంటు తప్పినట్టే. ఈ లెక్కని నడిపించే ట్రాన్సిస్టర్ల స్వభావం వేడితో మారుతుంది. సరిదిద్దకపోతే డిగ్రీకి సుమారు 0.3 శాతం. సరిదిద్దే రెసిస్టర్ పెడతారనుకో, అయినా ఆన్ చేసి పావుగంట ఆగి శ్రుతి చేసుకో. ఏసీ గాలి నేరుగా తగిలే చోట పెట్టకు.

రాత్రిబీట్స్:
ఇంకో విచిత్రం. ఈసారి తిట్టను, అడుగుతున్నాను. రెండు ఓసిలేటర్లూ ఒకే స్థాయిలో పెట్టి రెండోదాన్ని కొద్దిగా పక్కకి జరిపాను, లావుగా వినిపిస్తుందని. పైన బాగుంది. కింద సీక్వెన్స్ నడిపిస్తే ఒక్కో స్టెప్పు గట్టిగా, ఒక్కోటి గాలి పోయినట్టు. ప్రతి రౌండులోనూ వేరే స్టెప్పు పోతోంది. సీక్వెన్సర్ పాడైందా?

శ్రుతిపెట్టె:
తంబురా శ్రుతి చేసేటప్పుడు రెండు తీగలు దగ్గరకి వస్తుంటే మధ్యలో ఒక ఊపు వినిపిస్తుంది చూడు, వావ్ వావ్ అని, నిదానమవుతూ. నీకు జరుగుతున్నది అదే. రెండింటినీ పది సెంట్ల ఎడంలో పెట్టావనుకో, 165 హెర్ట్జ్ దగ్గర ఆ ఊపు దాదాపు సెకనుకి ఒకటి. చెవికి హాయి, లావుగా ఉందంటాం. అదే ఎడం 41 దగ్గర నాలుగు సెకన్లకి ఒక ఊపు అవుతుంది. నీ స్టెప్పు పావు సెకను కూడా ఉండదు. ఊపు పైకి లేచినప్పుడు పడిన స్టెప్పు గట్టిగా మోగుతుంది, కిందికి దిగినప్పుడు పడింది అడుగు లేకుండా ఉత్త హార్మోనిక్స్‌తో మిగులుతుంది. ఈ ఓసిలేటర్లు బటన్ నొక్కినా నొక్కకపోయినా లోపల తిరుగుతూనే ఉంటాయి, ప్రతి నొక్కుకీ మొదటినుంచి మొదలవ్వవు. అందుకే ఏ రౌండుకి ఏ స్టెప్పు పోతుందో చెప్పలేం.

రెండోదాన్ని ఒక స్థాయి పైకి పెట్టి అక్కడ జరుపు. అడుగు ఒక్కటే ఉంటుంది, కదలదు. లేదా రెండోదాని లెవల్ సగానికి దించు, పూర్తిగా కొట్టేసుకోలేవు.

రాత్రిబీట్స్:
స్థాయి పైకి పెట్టాను. అన్నీ వినిపిస్తున్నాయి. అక్కా, నువ్వు ఈ సంగతి ముందే చెప్పి ఉంటే నేను మూడేళ్లలో చేసిన సగం ట్రాకులు బాగుపడేవి.

నాలుగుతీగలు:
నిన్న శ్రుతిపెట్టె తన డబ్బా రిహార్సల్‌కి తెచ్చింది. అరగంట నా చేతిలో పెట్టింది. చెప్పకపోతే అన్యాయం అవుతుంది, కాబట్టి రాస్తున్నా.

అటాక్ (స్వరం పైకి లేవడానికి పట్టే సమయం) సున్నాలో పెడితే ప్రతి స్వరం ముందూ ఒక టక్ వస్తోంది. మొదట లోపం అనుకున్నా. తర్వాత అర్థమైంది. 41 హెర్ట్జ్‌లో ఒక చక్రం పూర్తవడానికే 24 మిల్లీసెకన్లు పడుతుంది. ఆ లోపు చెవికి స్వరం ఇంకా అందదు, టక్ మాత్రం అందుతుంది. నా వేలు తీగ మీద పడినప్పుడు వచ్చే శబ్దం చేసే పని కూడా అదే, స్వరం ఎక్కడ మొదలైందో చెబుతుంది. డ్రమ్స్‌తో కలిపి వాయిస్తే ఆ టక్ వల్లే బిగుతుగా కూర్చుంది. అటాక్ కొంచెం పెంచగానే కిక్ వెనకాల ఈడ్చుకుంటూ వచ్చింది. దాన్ని మళ్లీ సున్నాకి తెచ్చింది నేనే.

చేతికి రానిది మాత్రం ఒకటుంది. నేను తీగని నొక్కి ఉంచి చివర్లో వదిలే తీరు, స్వరం అయ్యాక వచ్చే నిశ్శబ్దం. అక్కడే నా వాయిద్యం సగం ఉంది. రబ్బరు బటన్ మీద అది రాలేదు. మెత్తగా నొక్కినా గట్టిగా నొక్కినా ఒకటే.

శ్రుతిపెట్టె:
బటన్ల మీద నాకూ రాలేదు. బయట కీబోర్డు మిడీతో (వాద్యాలు ఒకదానికొకటి స్వరాలు చెప్పుకునే పద్ధతి) కలిపాను. అప్పుడు బతికింది.

గమకం గురించి చెప్తాను, ఇది నాకు ముఖ్యం. సీక్వెన్సర్‌లో స్లైడ్ (ఒక స్వరం నుంచి ఇంకోదానికి జారడం) ఉంది కదా, దాంతో గమకం వస్తుందని చాలామంది అంటున్నారు. రాదు. ఈ స్లైడ్ 303 లాంటిదే, దూరం ఎంతైనా పట్టే సమయం ఒకటే. పక్క స్వరానికి నిదానంగా పాకుతుంది, స్థాయి దాటాలంటే పరిగెడుతుంది. అదొక అందం, యాసిడ్‌కి అదే ప్రాణం. గమకం అలా ఉండదు. ఒక స్వరం మీద నిలబడి, పక్కదాన్ని తాకీ తాకనట్టు తాకి వెనక్కి వస్తుంది. ఎక్కడ ఎంతసేపు ఆగాలో చేయి నిర్ణయిస్తుంది. ఎల్ఎఫ్ఓతో ప్రయత్నిస్తే ఫ్యాను తిరిగినట్టుంటుంది, ప్రతి ఊపూ ఒకే కొలత.

నాకు కుదిరింది ఇలా. కీబోర్డు మీద స్వరాన్ని వంచే పిచ్ వీల్ పరిధి రెండు అర స్వరాలకే పెట్టి, ఎన్వలప్ సస్టెయిన్ (స్వరం నిలిచే మట్టం) పూర్తిగా తెరిచి, కటాఫ్ బాగా దించి, ఎడమ చేతి బొటనవేలితో వీల్ ఊపుతూ వాయించాను. కింది స్థాయిలో నిదానంగా ఊపాలి, లేకపోతే స్వరం నిలబడకముందే జారిపోతుంది. కింది గాంధారం మీద ఒక పెద్ద ఊపు ఊపితే మా డ్రమ్మర్ వాయించడం ఆపి ఇటు చూశాడు. వాడు దేనికీ ఆపడు.

కొత్తగా_చేరాను:
తీసుకున్నానండీ! కానీ కీబోర్డు నుంచి మిడీ అందడం లేదు. చిన్న ప్లగ్ అడాప్టర్ వేశాను.

తీగలపెట్టె:
చిన్న జాక్ మిడీలో ఏ రకం, బీ రకం అని రెండున్నాయి, లోపల రెండు తీగలు అటూ ఇటూ. 2018లో ఏ రకాన్నే ప్రమాణం చేశారు. నీ అడాప్టర్ బీ అయి ఉంటుంది. దేనికీ నష్టం జరగలేదు, మార్చుకో.

కొత్తగా_చేరాను:
బీ నే అండీ. మార్చుకుంటాను.

మంద్రస్థాయి:
ఇవాళ మొదటిసారి హెడ్‌ఫోన్స్ తీసి స్పీకర్లలో విన్నాను. వై కేబులే వాడాను, ఒక్క కాలే పెట్టాను, తిట్టొద్దు. అన్ని స్వరాలూ సమానంగా ఉన్నాయి, కింది ఎఫ్ తప్ప. అది దాదాపు లేదు. పై ఎఫ్ మాత్రం అవసరానికి మించి మోగుతోంది, అల్మరా అద్దం కూడా పాడుతోంది. హెడ్‌ఫోన్స్‌లో రెండూ బాగానే ఉన్నాయి.

తీగలపెట్టె:
గది పొడవు ఎంత? నువ్వు ఎక్కడ కూర్చున్నావు?

మంద్రస్థాయి:
నాలుగు మీటర్లు. సరిగ్గా మధ్యలో.

తీగలపెట్టె:
శబ్దం సెకనుకి 343 మీటర్లు. నాలుగు మీటర్ల గదిలో రెండు గోడల మధ్య మొదట నిలబడే అల 43 హెర్ట్జ్, అంటే నీ కింది ఎఫ్. ఆ అలకి గోడల దగ్గర ఒత్తిడి ఎక్కువ, నడిమధ్యలో సున్నా. నువ్వు సున్నాలో కూర్చున్నావు. దానికి రెట్టింపు 86, అంటే పై ఎఫ్. దానికి మధ్యలోనే ఒత్తిడి ఎక్కువ. డబ్బాని ఏమీ అనకు, కుర్చీ జరుపు.

మంద్రస్థాయి:
ఒక మీటరు వెనక్కి జరిపాను. కింది ఎఫ్ వచ్చింది. పై ఎఫ్ పోయింది.